మా అవ్వ నోటుబుక్కుల్లో పెన్సిల్ అక్షరాలు: పెరంబూరు తెలుగు బడిలో చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పెరంబూరు మనవరాలు

అందరికీ నమస్కారం. మా అవ్వ పోయి మూడు వారాలైంది. 91 ఏళ్ళు. మద్రాసులో పెరంబూరు పక్కన ఒక తెలుగు మీడియం బడిలో 1955 నుంచి 1992 దాకా టీచరుగా చేసింది. అవ్వ పేరు, బడి పేరు ఇక్కడ పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు కాబట్టి పెట్టడం లేదు. గుర్తులు మాత్రం చెప్తాను. పొడుగు మనిషి. నూలు చీర తప్ప కట్టేది కాదు. గడియారం ముఖం మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేది. పిల్లలు తప్పు రాస్తే తప్పు అనే మాట అనకుండా "ఏదీ, మళ్ళీ ఒకసారి" అనేది. ఆవిడ దగ్గర చదివినవాళ్ళకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది.

నాకు ఒక సాయం కావాలి. అవ్వ ట్రంకు పెట్టెలో తొమ్మిది పొడుగు నోటుబుక్కులు దొరికాయి. 2015 డిసెంబరు వానలకి మా ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఆ పెట్టె కింది గదిలోనే ఉండిపోయింది. తర్వాత అవ్వ ఒక్కో కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టింది, నాకు గుర్తుంది. సిరాతో రాసిన పేర్లన్నీ నీలం మరకలైపోయాయి. పెన్సిల్‌తో రాసినవి మాత్రం అలాగే ఉన్నాయి. అవి రెండే. వరస సంఖ్య, దాని ఎదురుగా ఒకే ఒక్క అక్షరం. పైన ఏడాది, తరగతి.

ఉదాహరణకి 1958-59, అయిదో తరగతి: 7 ఎదురుగా ళ. 12 ఎదురుగా ఖ. 19 ఎదురుగా శ. చాలా సంఖ్యల ఎదురుగా ఏమీ లేదు, కానీ వేలితో తడిమితే రబ్బరుతో చెరిపిన గరుకు తెలుస్తోంది. ఇవి మార్కులు కావు. హాజరు కాదు. సెక్షన్లేమో అన్నారు మా నాన్న, కానీ ఙ అనే సెక్షన్ ఎక్కడా ఉండదు కదా. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

ఐసీఎఫ్ కాలనీ

గడియారం అన్న దగ్గరే ఆగిపోయాను. మా టీచరమ్మే. మీ ఇంటిల్లిపాదికీ నా సంతాపం.

నేను 1972లో నాలుగో తరగతి. పల్లవన్ బస్సులు మొదలైన ఏడాది. మా టీచరమ్మ సంచీలో వాడేసిన బస్సు టికెట్లు ఒక కట్ట ఉండేది. పల్చటి కాగితం. మా ఇళ్ళల్లో తెలుగే గానీ వీధంతా తమిళం. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, వాళ్ళకి అది చాలు. మా నోళ్ళు కూడా అలాగే అలవాటు పడి, ఒత్తు అక్షరం వస్తే జారిపోయేవి. ఆవిడ మా మూతి ముందు టికెట్ పట్టుకుని "కరము" అను అనేవారు. టికెట్ కదలదు. "ఖరము" అను. కదలాలి. కదలకపోతే "ఏదీ, మళ్ళీ ఒకసారి". టికెట్ ఊగిన రోజు క్లాసంతా చప్పట్లు కొట్టేది. ఇప్పటికీ నేను "ఘనంగా" అన్నప్పుడు మూతి ముందు ఆ కాగితం ఉన్నట్టే ఉంటుంది.

నోటుబుక్కులు చూసిన గుర్తుంది. అందులో ఏం రాసేవారో సరిగ్గా గుర్తు రావడం లేదు.

మద్రాసు పాతకాపు

అమ్మాయీ, నేను మీ అవ్వ తమ్ముడి స్నేహితుణ్ణి. ఆవిడ కంటే ఆరేడేళ్ళు చిన్న. అక్కయ్య అని పిలిచేవాణ్ణి. పోయిందని ఇక్కడ చూసి తెలుసుకోవలసి వచ్చింది, కళ్ళు బాగా లేక ఎక్కడికీ కదలడం లేదు.

మీకు తెలిసే అవకాశం లేని సంగతులు రెండు చెప్తాను. 1942లో జపాను వాళ్ళు బాంబులు వేస్తారని మద్రాసు జనం ఊళ్ళకి పరిగెత్తారు. అక్కయ్యకి అప్పుడు ఎనిమిదేళ్ళు. సూళ్ళూరుపేట దగ్గర వాళ్ళ తాతగారి ఊరికి వెళ్ళి, దాదాపు ఏడాది అక్కడి వీధిబడిలో చదివింది. ఇసకలో దిద్దుకుంటూ తెలుగు గట్టిగా పట్టుబడింది ఆ ఏడాదిలోనే అని తనే చెప్పేది. యుద్ధం రాకపోతే మద్రాసులో ఏ ఇంగ్లీషు కాన్వెంటులోనో పడేదాన్ని అనేది.

రెండోది 1953. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి, 1952 డిసెంబరు 15న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారింట్లో కన్నుమూశారు. నేను పిల్లవాణ్ణి, మా నాన్న వేలు పట్టుకుని ఆ జనంలో నడిచాను. "మద్రాసు మనదే" అని అంతకుముందు వీధుల్లో ఎన్ని కేకలు విన్నామో. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా వచ్చింది, మద్రాసు అటే ఉండిపోయింది. అక్కయ్య పెద్దన్న ప్రభుత్వ గుమాస్తా. ఆయన కర్నూలు వెళ్ళి, ఆఫీసులు గుడారాల్లో నడుస్తుంటే తనూ ఒక గుడారంలో ఉన్నాడు. చెల్లెల్నీ బావనీ రమ్మని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. కొత్త రాష్ట్రంలో టీచర్లు కావాలి, వెంటనే ఉద్యోగం అని. అక్కయ్యకి అప్పటికే పెళ్ళయింది, ట్రైనింగులో ఉంది. తను రాసిన జవాబు మేమందరం చదివాం. "మీరందరూ వెళ్ళిపోతే ఇక్కడ ఉండిపోయిన పిల్లలకి ఎవరు చెప్తారు" అని ఒకటే వాక్యం. అన్నకి కోపమొచ్చి రెండేళ్ళు మాట్లాడలేదు.

1955లో ఐసీఎఫ్, అదే రైలు పెట్టెల ఫ్యాక్టరీ, మొదలయ్యాక మీ తాత అందులో చేరాడు. ఇక ఆ ఇల్లు కదల్లేదు.

మింట్ వీధి

నమస్కారం. నేను కూడా ఆ టీచరమ్మ దగ్గర చదివినాను. ఎక్కువ చదవలేదు. రూపాయికి పడి బియ్యం ఇచ్చిన రోజులు, 1967. అయిదో తరగతి సగంలో మా నాయనకి కాలు విరిగితే నన్ను పాత్రల అంగడిలో పెట్టినారు. బడిలో నా కధ అంతటితో ముగిసింది. టీచరమ్మ రెండుసార్లు మా ఇంటికి వచ్చి మా నాయనతో మాట్లాడినారు. రెండోసారి మా అమ్మ ఏడ్చింది. ఆవిడ ఇంక రాలేదు.

నోటుబుక్కు సంగతి నాకు తెలియదు. కానీ ఒకటి చెప్పాలి. నేను అంగడిలో గిన్నెల మీద పేర్లు చెక్కే పని నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే పని. ముందు ఉలీ సుత్తీ, ఇప్పుడు మిషను. 1977లో అనుకుంటా, టీచరమ్మ కూతురి పెళ్ళికి స్టీలు సామాను కొనడానికి మా అంగడికి వచ్చినారు. నన్ను చూసి గుర్తు పట్టినారు. పేరు నేనే చెక్కాలి అన్నారు. చెక్కి ఇస్తే ఒక పళ్ళెం వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఏదీ, మళ్ళీ ఒకసారి" అన్నారు. గీత లోతు చాలలేదేమో అని అదే పేరు మీద ఇంకోసారి గట్టిగా కొట్టి ఇచ్చినాను. ఆవిడ చాలాసేపు చూసి, నా తల మీద చెయ్యి పెట్టి, డబ్బులిచ్చి వెళ్ళిపోయినారు. ఏం అడిగినారో నాకు అర్ధం కాలేదు.

కొళత్తూరు

అందరూ మంచే రాస్తున్నారు. రాయండి. నాది వేరే అనుభవం, అది కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

నాది ఎడమచెయ్యి వాటం. 1979లో మూడో తరగతి. బలపం ఎడమచేత్తో పట్టుకున్న ప్రతిసారీ ఆవిడ స్కేలుతో వేళ్ళ మీద కొట్టేవారు. కోపంగా కాదు, నిదానంగా. అదే ఇంకా భయంగా ఉండేది. ఆ ఏడాదంతా నేను కడుపునొప్పి అని బడి ఎగ్గొట్టాను. కుడిచేత్తో రాయడం వచ్చింది గానీ ఇవాళ్టికీ నా దస్తూరీ నాదిలా ఉండదు. ఆ రోజుల్లో అందరూ అలాగే చేసేవారని నాకు తెలుసు. తెలిసినా నొప్పి పోలేదు.

పెరంబూరు మనవరాలు

కొళత్తూరు గారూ, రాసినందుకు థ్యాంక్స్. సమర్థించడానికి నా దగ్గర ఏమీ లేదు. మా అత్త కూడా ఎడమచేతి వాటమే, ఆవిడకీ ఇదే జరిగింది. అత్త ఇది చదివి "నా మాట కూడా చెప్పు" అంది. నా అన్న కొడుకు ఎడమచేత్తో రాస్తాడు. వాడు హోంవర్కు చేసుకుంటుంటే అవ్వ పక్కన కుర్చీలో కూర్చుని చూసేది. చెయ్యి మార్చమని ఒక్కసారీ అనలేదు. మా అత్త ఒకరోజు "మరి నన్నెందుకు కొట్టావు" అని అడిగింది. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. "నాకు అప్పుడు అట్లానే నేర్పినారు. తప్పే" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

కొళత్తూరు

సరే. ఆ మాట విన్నాను. నేను రాసినది అలాగే ఉంచుతాను.

పెరంబూరు మనవరాలు

ఉంచండి.

పాతకాపు తాతగారూ, ఆ ఉత్తరం సంగతి మాకెవరికీ తెలియదు. మా నాన్నకి చదివి వినిపించాను.

ఇంట్లో అవ్వ గురించి కూడా కాస్త చెప్తాను. బడివాళ్ళకి ఇది తెలియకపోవచ్చు. తాత 1974లో పోయారు, గుండెపోటు. అప్పటికి అవ్వకి 40. నలుగురు పిల్లలు. తాత తమ్ముడూ ఆయన భార్యా అంతకు రెండేళ్ళ ముందు పోతే వాళ్ళ ఇద్దరు పిల్లలు కూడా ఇక్కడే. మొత్తం ఆరుగురు, ఒక జీతం, రెండు గదుల పోర్షను. ఊరికి వచ్చెయ్యమన్నారట అందరూ. అవ్వ పగలు బడి, రాత్రి చదువు పెట్టుకుని విద్వాన్ పరీక్ష ప్యాసై హైస్కూలు పండితురాలైంది. ఆ జీతం తేడాతోనే మా ఇంటి స్థలానికి చీటీ కట్టింది.

ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. ఇంట్లో సంపాదించే ప్రతివాళ్ళూ ఒకటో తారీఖున అందులో డబ్బు వెయ్యాలి. ఎంత అని అడిగేది కాదు. తీసుకునేవాళ్ళు మాత్రం చీటీ మీద ఎందుకో రాసి వెయ్యాలి, తెలుగులో. తొంభైల్లో మిల్లు మూతపడి మా పెద్ద మావయ్య ఉద్యోగం పోయినప్పుడు అత్త, మావయ్య, ముగ్గురు పిల్లలు ఇక్కడికే వచ్చేశారు. మావయ్య డబ్బాలో చెయ్యి పెట్టడానికి సిగ్గుపడేవాడు. అవ్వ తన పెన్షన్ వచ్చిన రోజు డబ్బా తీసుకెళ్ళి మావయ్య చేతికిచ్చి "ఇక మీదట లెక్క నువ్వు చూడు, నాకు కళ్ళు ఆనడం లేదు" అంది. అవ్వకి అప్పుడు అద్దాలు కూడా లేవు. మావయ్య పోయేదాకా ఆ లెక్క ఆయనే చూశాడు. చీటీల్లో కొన్ని ఇంకా ఉన్నాయి. "పాప చెవిపోగు కుదువ విడిపించడానికి." "టెన్షన్‌గా ఉంది, సినిమాకి." ఈ రెండోది మా చిన్నాయనది, 1985.

ఉగాదికి అందరం రావాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఫోన్లో రావాలి. పచ్చడిలోకి వేపపువ్వు బడి ఆవరణలోని చెట్టుదే కావాలి. రిటైరైన ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వాచ్‌మన్ కొడుకు తెచ్చి ఇచ్చేవాడు.

గురులఘువు

నేను ఎనిమిదిలో ఆవిడ దగ్గర, 1986. అప్పటికి పండితురాలు. ఛందస్సు గ్రౌండులో నేర్పారు. సున్నంతో గళ్ళు గీయించి, తొక్కుడుబిళ్ళ లాగా. గురువుకి రెండు కాళ్ళూ, లఘువుకి ఒంటికాలు. ఉత్పలమాల అంటే భ ర న భ భ ర వ, ఇరవై గళ్ళు. పదో గడిలో యతి, అక్కడ చప్పట్లు కొట్టాలి. చంపకమాలకి గడి ఒకటి ఎక్కువ, యతి పదకొండులో. పుస్తకంలో చూసి బట్టీ పట్టినవాళ్ళు పరీక్ష కాగానే మర్చిపోయారు. నేను ఇప్పటికీ పద్యం వింటే కాలు కదులుతుంది. నా భార్య అడుగుతుంది ఏమిటని.

పండితుల గది పక్కనే సత్తుణవు, అంటే మధ్యాహ్న భోజనం, వంటశాల. 1982లో ఎమ్జీఆర్ ఆ పథకం పెద్దది చేశాక మా బడిలోనూ పొయ్యి వెలిగింది. వంటమ్మకి చదువు రాదు. ఆవిడ కూతురు మా క్లాసే. టీచరమ్మ రోజూ భోజనం గంటలో ఆ వంటమ్మకి పలక మీద అక్షరాలు దిద్దించేవారు. ఆ పలక పొయ్యి దగ్గర మసిపట్టి ఉండేది.

గూడూరు ప్యాసింజర్

ఇవన్నీ చదువుతుంటే కడుపులో దేవినట్టుగా ఉంది. ఆ బడి ఇప్పుడు ఎలా ఉందో చూశారా? 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకి పాకింది. పదో తరగతి పిల్లలకి కోర్టుల్లో మినహాయింపు తెచ్చుకోవడమే పెద్ద పోరాటమైంది. టీచర్లు రిటైరైతే కొత్తవాళ్ళని వెయ్యరు. ఒకప్పుడు తెలుగు సెక్షన్లు రెండు మూడు ఉన్న చోట ఇవాళ ఒక గది.

ఐసీఎఫ్ కాలనీ

చట్టం ఒక్కదాన్నే అనలేమండీ. మనమేం చేశాం? నా ఇద్దరు పిల్లలూ ఇంగ్లీషు మీడియం, రెండో భాష ఫ్రెంచి, మార్కుల కోసం. టీచరమ్మకి ఆ మాట చెప్పలేక వాళ్ళింటి వీధి వదిలి పక్క వీధి నుంచి వెళ్ళేవాణ్ణి. తమిళం నేర్చుకోవడంలో నష్టం లేదు, ఈ ఊళ్ళో బతుకుతూ నేర్చుకోకపోతే ఎలా. నష్టం మనం తెలుగు మానెయ్యడంలో ఉంది.

గూడూరు ప్యాసింజర్

మానెయ్యడానికీ మానిపించడానికీ తేడా ఉంది. బడి లేకపోతే ఎక్కడ చదివిస్తారు?

వేదిక నిర్వాహకులు

భాషా చట్టం మీద చర్చ ముఖ్యమైనదే. దానికి వేరే చర్చ తెరిచాం, అక్కడ కొనసాగించండి. ఇది ఆ టీచరమ్మ గురించే ఉండనిద్దాం.

చిన్న కోడలు

నా పేరు అక్కర్లేదు. ఈ చర్చ మొదలుపెట్టిన అమ్మాయికి నేను పిన్నిని. నాది తమిళం. తెలుగు రాయడం అత్తమ్మ నేర్పారు, తప్పులుంటే మన్నించండి.

మా పెళ్ళికి అత్తమ్మ ఒప్పుకోలేదు. పద్నాలుగు నెలలు. వియ్యంకులతో ఏ భాషలో మాట్లాడాలి అని కాదు, ఆవిడకి తమిళం నాకంటే బాగా వచ్చు. ఇంట్లో పిల్లలు ఏ భాషలో ఏడుస్తారు అని అడిగారట మా ఆయన్ని. నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు చెప్తున్నాను, ఆ కోపం కొన్నేళ్ళు ఉంది.

1988లో పెళ్ళయింది. నాలుగో రోజు వంటింట్లో కూర్చోబెట్టి నా ముందు పలక పెట్టారు. నాకు 24 ఏళ్ళు, బీకాం చదివాను. అవమానంగా అనిపించింది. అక్షరాలు నెల్లో వచ్చేశాయి, ఒక్కటి తప్ప. భ. నేను "బర్త" అనేదాన్ని. బస్సు టికెట్ కదిలేది కాదు. అత్తమ్మ నోటుబుక్కు తీసి చివరి పేజీలో పెన్సిల్‌తో ఒక ఒకటి వేసి, ఎదురుగా భ అని రాశారు. నాకేం చెప్పలేదు. పదకొండు నెలలు పట్టింది. మా పాప పుట్టిన వారానికి ఎవరో ఫోన్లో ఏం చేస్తున్నారని అడిగితే "నా భర్త మందుల షాపుకి వెళ్ళారు" అన్నాను. వంటింట్లోంచి అత్తమ్మ వచ్చారు. చేతిలో ఆ నోటుబుక్కు, ఒక రబ్బరు. "నువ్వే చెరుపు" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఏ పిల్లకి ఏ అక్షరం పలకదో, ఏ పిల్లాడికి ఏ అక్షరం చేతికి రాదో పెన్సిల్‌తో రాసుకుంటారట. అది వచ్చిన రోజు రబ్బరు పిల్ల చేతికే ఇస్తారట. ఏడాది ఆఖరుకి పేజీ ఖాళీ అయిపోవాలి, అదీ ఆవిడ లెక్క. ఇంట్లో అందరూ నా చేత చెప్పించుకునే ఉంటారనుకున్నాను. ఎవరికీ తెలియదని ఈ చర్చ చూశాకే తెలిసింది.

ఐసీఎఫ్ కాలనీ

రబ్బరు! అవును. వాసన వచ్చే రబ్బరు, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నీలం. నేను చెరిపాను. నేనే చెరిపాను. ఇన్నేళ్ళుగా అది ఏదో బహుమతి అనుకున్నాను, రబ్బరు ముట్టుకోనిచ్చారని. ఏం చెరిపానో చూసుకోలేదు.

గురులఘువు

అంటే ఇప్పుడు ఆ నోటుబుక్కుల్లో మిగిలి ఉన్న అక్షరాలు...

పెరంబూరు మనవరాలు

అవునండీ. మేమూ అదే అనుకుని రాత్రి తొమ్మిది పుస్తకాలూ మళ్ళీ కూర్చుని చూశాం. చెరపనివి మొత్తం 43. కొన్ని ఏడాది మధ్యలో ఆగిపోయిన వరసలు, ఆ సంఖ్యకి పక్కన పెన్సిల్‌తో చిన్న అడ్డగీత ఉంది. బడి మానేసినవాళ్ళని మా నాన్న అంటున్నారు. 1979, మూడో తరగతి, 22 ఎదురుగా ఒకటి ఉంది, అక్షరం కాదు. చిన్న చెయ్యి బొమ్మ. చెరపలేదు. కొళత్తూరు గారూ, అది మీదేనా అని అడగడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

కొళత్తూరు

నాదే. 22.

ఆ పేజీ ఫోటో తీసి నాకు విడిగా పంపగలరా? ఇక్కడ పెట్టొద్దు.

మింట్ వీధి

అమ్మా, 1967, అయిదో తరగతి. నా సంఖ్య 31 అని గుర్తు. ఏం ఉందో చూసి చెప్పగలరా. ఖాళీగా ఉన్నా సరే.

పెరంబూరు మనవరాలు

31 ఉందండీ. పక్కన అడ్డగీత ఉంది. అక్షరం థ.

మీరు పైన రాసినది మళ్ళీ చదివి మా నాన్న వంటింట్లోకి వెళ్ళారు. మా ఇంట్లో ఒక పాత స్టీలు పళ్ళెం ఉంది. తాత పేరు చెక్కి ఉంటుంది, చివర "నాధం" అని. చుక్క లేదు. అక్షరం రెండుసార్లు కొట్టినట్టు లోతుగా ఉంది. ఇంట్లో అన్ని పాత సామాన్లూ వేసి కొత్తవి తెచ్చుకున్నాం గానీ, ఆ పళ్ళెం పాత సామాన్లవాడికి వెయ్యనిచ్చేది కాదు అవ్వ. తాత పేరు కదా, అందుకని అనుకునేవాళ్ళం. పేరు తప్పుంది కదా అని మా అత్త అంటే, "ఉండనీ, వాడు వస్తాడు" అనేదట. ఎవరు వస్తారో మేం అడగలేదు.

మింట్ వీధి

ద కింద గీత పెడితే ధ. దాని కడుపులో చుక్క పెడితే థ. టీచరమ్మ చెప్పింది చెవిలో ఉంది అమ్మా, చేతికి రాలేదు. రంగనాధం, జగన్నాధం అని ఎన్ని ఇళ్ళకి చెక్కి ఇచ్చినానో. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకీ తెలియదేమో.

ఈ రోజు ఇంక రాయలేను.

మద్రాసు పాతకాపు

నాయనా, నువ్వు చెక్కిన గిన్నెల్లో అన్నం తిన్నవాళ్ళెవరికీ లోటు జరగలేదు. బాధపడకు. అక్కయ్య నిన్ను మర్చిపోలేదు, అది చూసుకో.

పెరంబూరు మనవరాలు

మింట్ వీధి తాతగారూ, మీకు వీలైతే ఈ ఆదివారం మా ఇంటికి రండి. పుస్తకం తెరిచి పెడతాం. చెరపడానికి మాకు మనసొప్పడం లేదు, మేం చెరపకూడదు కూడా. చిరునామా విడిగా పంపాను. మిగతా 41 మందిలో ఎవరైనా ఇది చూస్తుంటే, ఏడాది, తరగతి, మీ సంఖ్య రాయండి. ఎప్పుడు రాసినా సరే.

మింట్ వీధి

పది గంటలకి వస్తాను అమ్మా. రబ్బరు నేను తెచ్చుకుంటాను. నిన్న రాత్రి అంగడి మూసినాక పాత రేకు ముక్క తీసుకుని ఉలితో కూర్చున్నాను, మిషను వద్దనుకున్నాను. గీత దాకా వచ్చి చెయ్యి ఆగిపోతుంది, ఇన్నేళ్ళ అలవాటు. ఏడోసారికి కుదిరింది.

ఆ పళ్ళెం కూడా బయట పెట్టండి. అక్షరం మార్చే పని లేదు, కడుపులో ఒక్క చుక్క పడితే చాలు. చిన్న దెబ్బ, అంతే. టీచరమ్మ ఆ రోజు ఏం అడిగినారో అర్థం కావడానికి నాకు 48 ఏళ్ళు పట్టింది. మిగతా కథ వచ్చినప్పుడు చెప్తాను.